రీజినల్ క్యాంపస్‌లో సీటు, ఫీజుకి సాయం: అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రుల కోసం మొదటి నుంచి చివరి దాకా

2024 మార్చిలో మా అమ్మాయికి స్టేట్ యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. మెయిన్ క్యాంపస్‌లో సీటు లేదు, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న మా రీజినల్ క్యాంపస్‌లో ఇస్తాం, తర్వాత మెయిన్‌కి మారొచ్చు అని. పిల్ల తలుపేసుకుని పడుకుంది. ఆ ఆదివారం తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదం చేతిలో పెడుతూనే ఒకావిడ "అయ్యో, మెయిన్ రాలేదా వదినా?" అన్నారు. అబద్ధం ఎందుకు, నాకూ అప్పుడు తల దించుకోవాలనే అనిపించింది.

ఇప్పుడు అలా అనిపించట్లేదు. ఈ క్యాంపస్‌లలో సీటు రావడం పెద్ద కష్టం కాదు, కష్టమంతా డబ్బు దగ్గరే, అది కూడా డబ్బు లేక కాదు, ఏ కాగితం ముందు పెట్టాలో ఏది తర్వాతో తెలియక. ఆ వరస తప్పితే వేల డాలర్లు చూస్తుండగానే జారిపోతాయి. మేం రెండు చోట్ల జారబోయి ఆగాం, ఒక చోట నిజంగానే జారాం. అందుకే వరస ప్రకారం రాస్తున్నాను, మీ పిల్లలు పదకొండో క్లాసులో ఉండగానే చదివితే ఇంకా మంచిది.

ముందు ఆ క్యాంపస్ ఏ రకమో తేల్చుకోండి

రీజినల్ క్యాంపస్ అని అందరూ ఒకే మాట వాడతారు గానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, నాలుగేళ్లూ అక్కడే చదివి అక్కడే డిగ్రీ తీసుకునేది. ఇండియానా యూనివర్సిటీకి కోకోమో, సౌత్ బెండ్, ఈస్ట్, నార్త్‌వెస్ట్, సౌత్‌ఈస్ట్ క్యాంపస్‌లు ఇలాంటివి. రెండోది, అక్కడ మొదలుపెట్టి మెయిన్‌కి వెళ్లడానికి ఎక్కువమంది వాడుకునేది. ఒహాయో స్టేట్‌కి లైమా, మాన్స్‌ఫీల్డ్, మారియన్, న్యూఅర్క్ క్యాంపస్‌లున్నాయి, చాలామంది అక్కడ మొదలుపెట్టి కొలంబస్ వెళ్తారు. పెన్ స్టేట్‌లో దీన్ని 2+2 అంటారు, రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ.

రెండో రకం అయితే అడ్మిషన్స్ ఆఫీసుని మెయిల్‌లో అడగాల్సినవి ఉన్నాయి, ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే, ఎందుకంటే జవాబు మన దగ్గర రాతలో ఉండాలి. మా పిల్ల మేజర్‌కి కావాల్సిన మొదటి రెండేళ్ల కోర్సులన్నీ ఈ క్యాంపస్‌లో ప్రతి సెమిస్టర్ నడుస్తాయా? మెయిన్‌కి మారడానికి ఎన్ని క్రెడిట్లు, ఎంత జీపీఏ? మేజర్‌లోకి వెళ్లడానికి దానికి వేరే జీపీఏ ఉందా? ఇందులో మూడో ప్రశ్న దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. యూనివర్సిటీ లోపల క్యాంపస్ మారడానికి మామూలు జీపీఏ చాలు, కానీ కంప్యూటర్ సైన్స్, నర్సింగ్, ఇంజనీరింగ్ లాంటి వాటికి డిపార్ట్‌మెంట్ పెట్టే గీత చాలా పైన ఉండొచ్చు. మనవాళ్లకి కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే మేజర్ కనబడదు కదా, కాబట్టి ఈ ప్రశ్న తప్పనిసరి. కాల్క్యులస్ రెండో భాగం ఆ క్యాంపస్‌లో స్ప్రింగ్‌లో మాత్రమే ఉందనుకోండి, ఒక్క సెమిస్టర్ తప్పితే మొత్తం ఏడాది వెనక్కి పోతుంది.

ఇంకోటి, నాలుగేళ్ల క్రితం అయితే ఎవరూ అడిగేవాళ్లు కాదు: ఆ క్యాంపస్ నాలుగేళ్లు ఉంటుందా? పెన్ స్టేట్ 2025 మేలో ఏడు క్యాంపస్‌లు మూసేయాలని నిర్ణయించింది, డుబోయిస్, ఫయెట్, మోంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బారే, యార్క్. 2027 స్ప్రింగ్ సెమిస్టర్ తర్వాత అవి ఉండవు. విస్కాన్సిన్‌లోనూ రెండేళ్ల క్యాంపస్‌లు కొన్ని ఇలాగే మూతపడ్డాయి. చేరే పిల్లలు తగ్గిపోవడమే ముఖ్య కారణం. కాబట్టి క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగులు చూసి మురిసిపోకుండా మామూలు మంగళవారం మధ్యాహ్నం పార్కింగ్ లాట్ చూడండి, ఎన్ని కార్లున్నాయో.

రెసిడెన్సీ: ఫీజు సగం ఇక్కడే తేలుతుంది

స్టేట్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ఫీజుకీ ఔటాఫ్-స్టేట్ ఫీజుకీ మధ్య తేడా ఏ స్కాలర్‌షిప్పూ పూడ్చలేనంత ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో రూలు ఏంటంటే, క్లాసులు మొదలయ్యే రోజుకి ముందు వరుసగా 12 నెలలు తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో కాపురం ఉండాలి, ఊరికే ఉండటం కాదు, చదువు కోసం కాకుండా బతుకుతెరువు కోసం ఉంటున్నట్టు కాగితాలు చూపించాలి. అద్దె అగ్రిమెంటో ఇంటి కాగితాలో, డ్రైవింగ్ లైసెన్సు, స్టేట్ టాక్స్ రిటర్న్, కారు రిజిస్ట్రేషన్. పిల్లలు మన మీద ఆధారపడి ఉన్నంత కాలం వాళ్ల రెసిడెన్సీ మన రెసిడెన్సీయే.

కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో వచ్చిందని జనవరిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే, ఆగస్టులో పిల్ల పాత రాష్ట్రంలో చేరేటప్పటికి "మీరు ఇక్కడి వాళ్లు కాదు కదా" అనొచ్చు. మా ఆయనకి సరిగ్గా ఇలాంటి ప్రాజెక్టే వచ్చింది. ఆ పన్నెండు నెలలు ఇల్లు కదలకుండా ఆయన ఒక్కరే వారం వారం విమానంలో తిరిగారు, అద్దె, లైసెన్సు, టాక్స్ అన్నీ ఇక్కడే ఉంచాం. తిరగడానికి అయిన ఖర్చు ఔటాఫ్-స్టేట్ ఫీజు ముందు చిల్లర.

పక్క రాష్ట్రం వాళ్లయితే ఒప్పందాలు చూడండి. పశ్చిమ రాష్ట్రాల్లో వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్చేంజ్ అని ఉంది, అందులో ఇన్-స్టేట్ ఫీజుకి ఒకటిన్నర రెట్లకి మించి తీసుకోరు. పెద్ద పేరున్న మెయిన్ క్యాంపస్‌లలో ఇది దొరకడం కష్టం, రీజినల్ వాటిలో అవకాశం ఎక్కువ.

వీసా స్టేటస్: మన ఇళ్లలో సగం తప్పులు ఇక్కడే

"మాకు గ్రీన్ కార్డు లేదు కదా, మాకు ఫెడరల్ సాయం ఎక్కడిది" అని ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే అప్లికేషన్) నింపకుండా వదిలేసిన కుటుంబాలు నాకు తెలిసే నాలుగున్నాయి. నాలుగిళ్లలోనూ పిల్లలు ఇక్కడే పుట్టారు! ఫెడరల్ సాయానికి చూసేది చదివే పిల్లల స్టేటస్, తల్లిదండ్రులది కాదు. పిల్ల సిటిజన్ అయినా, గ్రీన్ కార్డు ఉన్నా చాలు, తల్లిదండ్రులు హెచ్-1బీలో ఉన్నా, ఏ వీసాలో ఉన్నా పిల్లకి అర్హత ఉంది.

పిల్ల హెచ్-4 లో (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) ఉంటే ఫెడరల్ గ్రాంటూ లేదు, ఫెడరల్ లోనూ లేదు, వర్క్-స్టడీ (క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునే సాయం) కూడా లేదు. గ్రీన్ కార్డు అప్లికేషన్ ఐ-485 పెండింగ్‌లో ఉన్నా అంతే, కార్డు చేతికి రావాలి. అయితే రెండు తలుపులు తెరిచే ఉంటాయి. ఒకటి ఇన్-స్టేట్ ఫీజు, చాలా రాష్ట్రాలు హెచ్-4 పిల్లలకి తల్లిదండ్రుల నివాసం చూసి ఇస్తాయి, మీ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుని అడగండి. రెండోది కాలేజీ తన సొంత డబ్బుతో ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్. పిల్లకి 21 నిండితే హెచ్-4 పోయి స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాల్సి వస్తుంది, ఆ మార్పుతో ఇన్-స్టేట్ ఫీజు పోతుందో ఉంటుందో మొదటి ఏడాదిలోనే రాతలో తెలుసుకోండి, మూడో ఏడాదిలో బిల్లు చూశాక కాదు.

ఇండియా నుంచి ఎఫ్-1 మీద నేరుగా వచ్చేవాళ్లకి ఒక్క మాట: ఆ క్యాంపస్ ఐ-20 (ఎఫ్-1 వీసాకి కాలేజీ ఇచ్చే కాగితం) ఇస్తుందా లేదా అన్నది మొదటి ప్రశ్న, కొన్ని చిన్న క్యాంపస్‌లు ఇవ్వవు. ఫెడరల్ సాయం ఎలాగూ ఉండదు, సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పని మాత్రమే. చుట్టుపక్కల బస్సులు కూడా ఉండని చోట కారు లేకుండా చాలా కష్టం.

అప్లికేషన్

ఇది తేలికే, త్వరగా చెప్పేస్తాను. కామన్ యాప్ (చాలా కాలేజీలకి కలిపి ఒకటే ఆన్‌లైన్ అప్లికేషన్) ఆగస్టు 1న తెరుచుకుంటుంది, కొన్ని యూనివర్సిటీలకి సొంత అప్లికేషన్ ఉంటుంది. రీజినల్ క్యాంపస్‌లు ఎక్కువగా రోలింగ్ పద్ధతిలో తీసుకుంటాయి, అంటే వచ్చిన అప్లికేషన్ వచ్చినట్టు చూస్తారు, సీట్లు చివరి దాకా ఉంటాయి. ఆ ధైర్యంతోనే మనం ఏప్రిల్ దాకా లాగుతాం. అదే తప్పు. సీటు ఏప్రిల్‌లో కూడా ఉంటుంది, స్కాలర్‌షిప్ డబ్బు ఏప్రిల్‌కి ఉండదు. మెరిట్ స్కాలర్‌షిప్‌కి నవంబర్ 1 అనో డిసెంబర్ 1 అనో వేరే తేదీ ఉంటుంది, అది అడ్మిషన్ పేజీలో కాకుండా స్కాలర్‌షిప్ పేజీలో కింద ఎక్కడో ఉంటుంది. మేం నిజంగా జారింది ఇక్కడే. అడ్మిషన్ గడువు చూసి నిశ్చింతగా కూర్చున్నాం, స్కాలర్‌షిప్ గడువు రెండు నెలల ముందే అయిపోయింది.

అప్లికేషన్‌లో క్యాంపస్ అని ఒక చిన్న డ్రాప్‌డౌన్ ఉంటుంది, దాని కింద "మొదటి ఎంపిక దొరక్కపోతే వేరే క్యాంపస్ పరిశీలించమంటారా" అన్నట్టు ఇంకో గడి. పిల్లలు రోషానికి పోయి రెండోది ఖాళీగా వదిలేస్తారు. మా అమ్మాయి కూడా "అమ్మా, అది పెడితే నేనే తక్కువ అని చెప్పుకున్నట్టు ఉంటుంది" అంది. కూర్చోబెట్టి, రెండో గడి చూసి మొదటి గడికి మార్కులు తగ్గించరా అని ఆఫీసుకే మెయిల్ పెట్టించాను. అలాంటిదేం లేదని జవాబు వచ్చాక పెట్టింది. పెట్టకపోయి ఉంటే మార్చిలో ఉత్త రిజెక్షనే వచ్చేది.

అప్లికేషన్ ఫీజు భారం అనిపిస్తే ఫీజు వేవర్ గురించి స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) మార్కులు, హైస్కూల్లో చేసిన కాలేజీ కోర్సుల ట్రాన్స్‌క్రిప్టులు చేరాక పంపినా నడుస్తుంది గానీ, మొదటి సెమిస్టర్ కోర్సులు ఎంచుకునే లోపే పంపితే చేసిందే మళ్లీ చేయాల్సిన పని ఉండదు.

ఫాఫ్సా: కాఫీ పెట్టుకుని కూర్చోవాల్సింది

ఫాఫ్సా అంటే ఫెడరల్ సాయానికి అప్లికేషన్. ఉచితం, ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థమే ఫ్రీ. "మేం నింపిపెడతాం, 300 డాలర్లు" అనేవాళ్లకి దణ్ణం పెట్టి పంపించండి. మామూలుగా అక్టోబర్ 1కి తెరుచుకుంటుంది. మా ఏడాది మాత్రం కొత్త ఫారం తెస్తున్నామని 2023 డిసెంబర్ చివరి దాకా తెరవలేదు, తెరిచాక పేజీ లోడ్ కాదు, అయితే సేవ్ కాదు, నరకం చూపించింది. ఇప్పుడు చాలా నయం.

మొదటి పని అకౌంట్లు. స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్‌లో పిల్లకి ఒకటి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఒకటి. మీరిద్దరూ కలిసి జాయింట్‌గా టాక్స్ ఫైల్ చేస్తే ఒకరి అకౌంట్ చాలు, విడిగా చేస్తే ఇద్దరికీ కావాలి. ఇద్దరికీ వేరు వేరు ఈమెయిళ్లు, వేరు వేరు ఫోన్ నంబర్లు. పిల్ల అకౌంట్ హైస్కూల్ ఈమెయిల్‌తో తెరవకండి, జూన్‌లో స్కూల్ దాన్ని ఆపేస్తే పాస్‌వర్డ్ కోసం గుమ్మం బయట నిలబడాలి.

ఇక పేరు. మన పేర్లకి ఇది ప్రత్యేక శిక్ష. అకౌంట్‌లో పెట్టే పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టు అక్షరం అక్షరం కలవాలి. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సోషల్ కార్డు మీద మొదటి పేరులో రెండు మాటలు, మధ్య పేరు ఖాళీ. ఆయన అలవాటు ప్రకారం రెండో మాటని మధ్య పేరు గడిలో పెట్టారు. మూడు రోజుల తర్వాత "వివరాలు సరిపోలలేదు" అని మెయిల్. కార్డు బల్ల మీద పెట్టుకుని, మొదటి లైన్లో ఉన్నదంతా మొదటి పేరు గడిలోనే, ఖాళీతో సహా కొట్టాక సరిపోయింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక కార్డు మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాళ్లుంటారు, వాళ్లూ కార్డు మీద ఎలా ఉంటే అలాగే పెట్టాలి, సిగ్గుపడి సొంత పేరు పెడితే కుదరదు. ఈ ఒక్క పని కోసమైనా ఫారం తెరుచుకోవడానికి ఒక నెల ముందే అకౌంట్లు తెరిచి ఉంచండి.

ఆదాయం రెండేళ్ల కిందటిది చూస్తారు. 2026-27 చదువుకి 2024 టాక్స్, 2027-28కి 2025 టాక్స్. టాక్స్ శాఖ ఐఆర్ఎస్ నుంచి ఆ వివరాలు నేరుగా తెచ్చుకోవడానికి ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటున్నామని నొక్కాలి, నొక్కకపోతే ఫెడరల్ సాయానికి అర్హతే ఉండదు.

ఆస్తుల దగ్గర అందరూ తడబడతారు. మీరుంటున్న ఇల్లు చెప్పక్కర్లేదు. 401కే, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలూ చెప్పక్కర్లేదు. బ్యాంకులో ఉన్నది, షేర్లు, చేతికొచ్చిన కంపెనీ స్టాక్, చదువు కోసం దాచే 529 ప్లాన్, రెండో ఇల్లు ఇవి చెప్పాలి. ఇండియాలో ఉన్న ఫ్లాట్, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా లెక్కలోకే వస్తాయి, ఇవ్వాళ్టి విలువలోంచి ఉన్న అప్పు తీసేసి డాలర్లలో. "వాళ్లకెలా తెలుస్తుందిలే" అనే సలహా ప్రతి పార్టీలో దొరుకుతుంది. కావాలని తప్పు రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు అని మీరు సంతకం పెట్టే చోటే రాసి ఉంటుంది, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి అవసరమా? పైగా తల్లిదండ్రుల ఆస్తిలో ఏటా లెక్కలోకి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. లక్ష డాలర్ల ఫ్లాట్ ఉంటే పెరిగేది 5,640కి మించదు. అదే పిల్ల పేరు మీద ఉన్న డబ్బయితే 20 శాతం. చిన్నప్పటి నుంచి పుట్టినరోజు డబ్బులు పిల్ల పేరున వేసిన ఖాతా ఉంటే, ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇవన్నీ కలిపి ఎస్ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అని ఒక అంకె వస్తుంది. మైనస్ 1,500 దాకా దిగుతుంది, ఎంత తక్కువైతే అంత సాయం. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఆ అంకె సగమవుతుందన్నది పాత మాట, 2024-25 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఐటీ జీతాల ఇళ్లలో ఇది పెద్దదే వస్తుంది, మాదీ అంతే వచ్చింది, తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ మీద ఆశ లేదు. మరెందుకు నింపడం అంటే, పిల్ల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్‌కి ఇదే దారి, కొన్ని క్యాంపస్ స్కాలర్‌షిప్‌లకి ఇది తప్పనిసరి, మధ్యలో ఉద్యోగం పోతే అప్పీలు పెట్టడానికి ఫాఫ్సా ముందే ఉండాలి. మూడోది మాకు పనికొచ్చింది, తర్వాత చెప్తాను.

కాలేజీ కోడ్ దగ్గర జాగ్రత్త. పెన్ స్టేట్‌కి అన్ని క్యాంపస్‌లకీ కలిపి ఒకటే కోడ్. ఇండియానా యూనివర్సిటీకి క్యాంపస్ క్యాంపస్‌కీ వేరు. మెయిన్ కోడ్ పెట్టి రీజినల్‌లో చేరితే ఆ ఆఫీసుకి మీ ఫాఫ్సా చేరదు, ఆగస్టులో "మీరు నింపనే లేదు" అంటారు. ఇరవై కాలేజీల దాకా పెట్టొచ్చు, అనుమానం ఉన్నవన్నీ పెట్టేయండి.

ఫెడరల్ గడువు వేరు, రాష్ట్రం గడువు వేరు. రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లకి తేదీ చాలా ముందే ఉంటుంది: కాలిఫోర్నియాలో మామూలుగా మార్చి 2, పెన్సిల్వేనియాలో డిగ్రీ చదివే ఎక్కువమందికి మే 1. తేదీ దాటితే అర్హత ఉన్నా లాభం లేదు.

డబ్బు ఎన్ని రకాలుగా వస్తుంది

తిరిగి కట్టక్కర్లేనిది ముందు. పెల్ గ్రాంట్ 2025-26లో ఎక్కువలో ఎక్కువ 7,395 డాలర్లు, తక్కువ ఆదాయం వాళ్లకి. రాష్ట్ర గ్రాంట్లు. కాలేజీ మెరిట్. వీటన్నిటికంటే రీజినల్ క్యాంపస్‌లో నాకు నచ్చింది స్థానిక స్కాలర్‌షిప్‌లు. ఆ ఊరి రోటరీ క్లబ్బు, ఆ ఊరి బ్యాంకు, ఎప్పుడో అక్కడ చదివి పోయిన ఒక టీచరమ్మ జ్ఞాపకంగా వాళ్ల పిల్లలు పెట్టింది, ఇలా 500, 1,000 డాలర్లవి పది పదిహేను ఉంటాయి. మెయిన్ క్యాంపస్‌లో ఇలాంటి వాటికి వందల్లో పోటీ. ఇక్కడ ఒక్కో దానికి అప్లై చేసేవాళ్లే తక్కువ. అన్నిటికీ కలిపి ఒకే ఫారం, ఒక చిన్న వ్యాసం. మా అమ్మాయి రెండో ఏడాదికి రెండు తెచ్చుకుంది, ఆ వ్యాసం రాయించడానికి నేను పెట్టిన గొడవ వేరే కథ.

వర్క్-స్టడీ అంటే క్యాంపస్‌లో పని. అది ఫీజులో తగ్గదు, పని చేసిన గంటలకి జీతంగా పిల్ల చేతికి వస్తుంది. లైబ్రరీలో కూర్చుని చదువుకుంటూ చేసే పని దొరికితే అదృష్టం.

తర్వాత అప్పు. పిల్ల పేరు మీద ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, మూడో ఏడాది నుంచి 7,500, అన్నీ కలిపి 31,000 దాటకూడదు. అందులో సబ్సిడైజ్డ్ అని ఉన్న భాగానికి చదువుకునేటప్పుడు వడ్డీ ప్రభుత్వమే కడుతుంది, మిగతాదానికి మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. 2025-26లో తీసుకున్న వాటికి 6.39 శాతం. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోన్‌కి అదే ఏడాది 8.94 శాతం, అదీ చేతికొచ్చే ముందే నాలుగు శాతానికి పైగా ఫీజు కోసుకుంటారు. 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ప్లస్ మీద ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. హెచ్-1బీ తల్లిదండ్రులకి ప్లస్ అసలు ఇవ్వరు. అలాంటప్పుడు పిల్ల పేరు మీదే లోన్ కొంత పెంచే వీలుందా అని ఎయిడ్ ఆఫీసుని అడగండి, అడిగితేనే చెప్తారు.

అవార్డ్ లెటర్ చదవడం

ఇది అందరికీ చూపించాల్సిన లెక్క. అంకెలు ఊహకి వేసినవి, ఏ కాలేజీవీ కావు.

రీజినల్ నుంచి ఉత్తరం: ఏడాది ఖర్చు 21,000, మీకు సాయం 13,000. ఆహా అనిపిస్తుంది. విడదీయండి. స్కాలర్‌షిప్ 3,000, స్టేట్ గ్రాంట్ 2,000, వర్క్-స్టడీ 2,500, లోన్ 5,500. నిజంగా వాళ్లిస్తున్నది 5,000. మిగతాది మన పిల్ల కష్టం, మన పిల్ల అప్పు. అలాగే ఖర్చు 21,000లో కాలేజీకి కట్టేది ట్యూషన్, ఫీజులు 10,000 మాత్రమే, మిగతాది ఇంట్లో తిండి, పెట్రోలు, పుస్తకాలు అని వాళ్లు వేసిన అంచనా. కాబట్టి కాలేజీకి మన జేబులోంచి కట్టేది 5,000.

మెయిన్ నుంచి ఉత్తరం: స్కాలర్‌షిప్ 6,000, అంటే రెట్టింపు. పిల్ల గంతులేస్తుంది. కానీ ట్యూషన్ 13,000, డార్మ్, భోజనం ఇంకో 13,000. కట్టేది 20,000. తేడా ఏడాదికి 15,000, రెండేళ్లకి 30,000. ఇంట్లోంచి వెళ్లి చదివితే కారు, దాని ఇన్సూరెన్సు ఖర్చు ఇందులోంచి తీసేయండి, పద్దెనిమిదేళ్ల పిల్లల ఇన్సూరెన్సు తక్కువేం కాదు. అయినా తేడా తేడానే.

ప్రతి కాలేజీ ఉత్తరాన్నీ ఇలా ఒకే గీతల కాగితం మీదకి దించి, కట్టేది ఎంత అన్న ఒక్క అంకెనే పక్కపక్కన పెట్టండి. స్కాలర్‌షిప్ పక్కన ఇంకో రెండు గడులు గీయండి: ఏటా వస్తుందా, ఎంత జీపీఏ ఉంటే? క్యాంపస్ మారితే వెంట వస్తుందా? చాలా రీజినల్ స్కాలర్‌షిప్‌లు ఆ క్యాంపస్ గేటు దగ్గరే ఆగిపోతాయి.

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్‌కి మే 1 మామూలు తేదీ. బిల్లు ఒకేసారి కట్టలేకపోతే నెలవారీ వాయిదాలుంటాయి, చిన్న ఫీజుతో, వడ్డీ లేకుండా. ఆటోమేటిక్‌గా వేసే హెల్త్ ఇన్సూరెన్సు ఉందేమో చూసి, పిల్ల మీ ఇన్సూరెన్సులో ఉంటే వేవర్ పెట్టండి. టాక్స్ సమయంలో అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ మర్చిపోవద్దు, ఏడాదికి 2,500 డాలర్ల దాకా, నాలుగేళ్లు, జాయింట్ ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది.

ఉద్యోగం పోతే, వెరిఫికేషన్ వస్తే

మా ఆయన ఉద్యోగం పిల్ల మొదటి సెమిస్టర్‌లో ఉండగా పోయింది. ఫాఫ్సాలో ఉన్నదేమో రెండేళ్ల కిందటి జీతం. ఎయిడ్ ఆఫీసుకి వెళ్లి మా పరిస్థితి మళ్లీ చూడమని అడిగాం, దీన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు, కుటుంబం పరిస్థితి మారితే లెక్క సవరించే అధికారం ఆ ఆఫీసర్‌కి ఉంటుంది. టెర్మినేషన్ లెటర్, చివరి పే స్టబ్, ఈ ఏడాది రాబోయే ఆదాయం అంచనా, ఒక పేజీ ఉత్తరం ఇచ్చాం. మొదటిసారి ఇచ్చిన కాగితాలు ఎవరి బల్ల మీదో మూడు వారాలు పడుకున్నాయి, ఎవరిదో ఇప్పుడెందుకు. రెండోసారి పిల్లే వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడి, చూసే మనిషి పేరు రాసుకుని వచ్చింది, ఆ వారంలో కదిలింది. కొత్త లెక్కతో పిల్ల లోన్‌లో కొంత భాగం సబ్సిడైజ్డ్‌కి మారింది, క్యాంపస్ నుంచి చిన్న గ్రాంటు వచ్చింది. ఉత్తరంలో ఏడుపు అక్కర్లేదు, తేదీలు, అంకెలు ఉంటే చాలు. చిన్న క్యాంపస్ లాభం ఇదే, ఆఫీసులో మనుషులు తక్కువ, రెండోసారి వెళ్తే మొహం గుర్తుపడతారు.

వెరిఫికేషన్ అని మెయిల్ వస్తే కంగారు పడకండి, దొంగలనుకుని పిలవలేదు, కొంతమందిని ఎంచి కాగితాలు అడుగుతారు. అడిగింది వారంలో ఇవ్వండి, ఇచ్చేదాకా డబ్బు కదలదు.

చేరాక

ఫాఫ్సా ప్రతి ఏడాదీ నింపాలి. సాయం నిలబడాలంటే చదువు కూడా నిలబడాలి: చాలా చోట్ల 2.0 జీపీఏ, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పాసవ్వడం కనీసం. కాబట్టి కష్టమైన క్లాసు డ్రాప్ చేసే ముందు ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేయాలి, 12 క్రెడిట్ల కిందకి జారితే స్కాలర్‌షిప్ ఆ సెమిస్టర్‌కి పోవచ్చు.

క్యాంపస్ మారే పని రెండో ఏడాది ఫాల్‌లోనే మొదలుపెట్టాలి. మా అమ్మాయి ఈ ఫాల్‌కి మెయిన్‌కి వెళ్తోంది, వరస ఇలా నడిచింది: అక్టోబర్‌లో ఇక్కడి అడ్వైజర్‌తోనూ అక్కడి మేజర్ అడ్వైజర్‌తోనూ విడివిడిగా మాట్లాడి, ఏ కోర్సు దేనికి లెక్కకొస్తుందో రాతలో తీసుకుంది. ఫాఫ్సాలో రెండు క్యాంపస్‌ల కోడ్లూ పెట్టింది. అక్కడ ట్రాన్స్‌ఫర్ పిల్లలకి, క్యాంపస్ మారే పిల్లలకి వేరే స్కాలర్‌షిప్ ఉందేమో జనవరిలో అడిగింది. డార్మ్ కావాలా బయట అద్దెకా అన్నది ఫిబ్రవరిలో తేల్చుకుంది, ఆలస్యమైతే బయట దగ్గర ఇళ్లు దొరకవు. క్యాంపస్ మార్పు ఫారంలో "మారే సెమిస్టర్" అన్న చోట ఫాల్ బదులు సమ్మర్ అని పడింది, వేసవిలో ఒక్క క్లాసుకి మెయిన్ క్యాంపస్ ఫీజు బిల్లు వచ్చేది, అడ్వైజర్ చూసి ఆపారు. ఫారం నొక్కేముందు ఆ ఒక్క గడి రెండుసార్లు చూసుకోండి.